చక్రాల సంఖ్య తప్పనిసరి

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ లైను రాసింది నేనే.

రేపెప్పుడో పేపర్లో బయటపడే కంటే నా నోటితో నేనే చెప్పుకోవడం మర్యాదగా ఉంటుంది. "చక్రాల సంఖ్య సున్నా కంటే ఎక్కువైతే అది వాహనం." ఇంతే. కంప్యూటర్ భాషలో ఇంకా పొట్టిగా ఉంటుంది, తుమ్మినంతసేపట్లో టైప్ చేసేయొచ్చు. నాలుగేళ్ళు బీటెక్ చదివి, ఏడాది పాటు హైదరాబాద్ హాస్టల్లో నీళ్ళ సాంబారు తాగి, చివరికి సొంతూళ్ళోనే కాంట్రాక్టు ఉద్యోగంలో పడి నేను రాసిన మొట్టమొదటి గొప్ప లైను అది. నా క్లాస్‌మేట్లు రాసిన లైన్లతో జనం బిర్యానీలు తెప్పించుకుంటున్నారు. నేను రాసిన లైనుతో మా వీధిలో ఒక మనిషి మూడు నెలలు లగేజీగా బతికింది.

మా ఊరు కామరేవు. ఉప్పుటేరు ఊరిని రెండు ముక్కలు చేస్తుంది. ఇటు ఇళ్ళు, బడి, చేపల మార్కెట్టు. అటు పెద్దాసుపత్రి, బస్టాండు, కోర్టు. అంటే బతకడం ఇటు, బతకడానికి కావలసినవన్నీ అటు. మధ్యలో ఇనప వంతెన. నూట ఎనభై మీటర్లు. రెండు పక్కలా త్రికోణాలు త్రికోణాలుగా ఇనప కమ్మీలు, వాటి నిండా రివెట్లు, రివెట్ల నిండా తుప్పు. మా తాతగారి చిన్నప్పుడే అది పాతది.

కిందటేడు ఎక్కడినుంచో నిపుణులు వచ్చారు. సుత్తితో కొట్టి విన్నారు, టార్చి వేసి చూశారు, ఒక వాక్యం రాసిచ్చి వెళ్ళిపోయారు. "ఏ సమయంలోనైనా వంతెనపై మొత్తం బరువు ఎనిమిది టన్నులు మించరాదు." నా మాట వినండి, ఈ కథ మొత్తంలో తెలివైన వాక్యం అదొక్కటే. అందుకే దాన్ని ఎవరూ అమలు చేయలేదు.

అమలు చేయాల్సింది మేం. మేం అంటే వంతెనల పరిరక్షణ ఉపవిభాగం. ఒక డిప్యూటీ ఇంజనీరు, అంటే డీఈ గారు, ఇద్దరు గుమాస్తాలు, 'డిజిటల్ సమన్వయకర్త' అనే పేరుతో నేను. డీఈ గారి పేరు కోదండపాణి. ఆయన మాట్లాడితే అడుగున సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, ఫైల్లో పెట్టుకోవచ్చు.

"వంతెన దాటే వాటన్నిటినీ నమోదు చేసే యాప్ ఒకటి తయారుచేయవలసి ఉన్నదమ్మా. వాహనములను నిలువరించవలెను, పాదచారులను అనుమతించవలెను," అన్నారు.

"వాహనం అంటే ఏంటి సార్? నిర్వచనం ఇవ్వాలి కదా దానికి."

"చక్రం ఉన్నది వాహనం. ఇందులో సందేహమేమున్నది?"

"కానీ సార్, నిపుణులు చెప్పింది బరువు గురించి."

డీఈ గారు కళ్ళజోడు తీసి తుడిచారు. జాలిపడాల్సి వచ్చినప్పుడు ఆయన అలా తుడుస్తారు. "బరువు కంటికి కనిపించదమ్మా. చక్రం కనిపిస్తుంది. పరిపాలన ఎప్పుడూ కనిపించే వాటి మీదనే నడవాలి."

అప్పటికి టైం ఐదు దాటింది. సందు చివర పునుగుల బండి దగ్గర నూనె కాగుతున్న వాసన వస్తోంది. వాదించడానికి ఓపిక లేదు. రాసేశాను.

యాప్ పేరు సేతురక్ష. పెట్టింది డీఈ గారే. అందులో ఒకే ఒక గడి తప్పనిసరి, పక్కన ఎర్ర చుక్క. 'చక్రాల సంఖ్య'. సున్నా కొడితే తెర ఆకుపచ్చగా మారి "పాదచారులకు స్వాగతం" అంటుంది. ఇంకేం కొట్టినా ఎర్రగా మారి పోలీసు వ్యాన్‌లా కూస్తుంది. ఆ కూత మాత్రం నా సరదా. దానికి కూడా క్షమించండి.

మొదలుపెట్టిన మొదటి సోమవారం పొద్దున్న పదింబావుకి ఏసుబాబు దగ్గర్నుంచి ఫోను. ఏసుబాబు వంతెన కాపలాదారు. చేతిలో ట్యాబు, మెడలో ఈల.

"మేడంగారండీ, ట్యాబు కుయ్యోమంటందండీ. ఎలాగాపాలండీ?"

"లారీ వచ్చిందా?"

"కాదండీ. సత్యవేణిగారండీ."

పరిగెత్తాను. సత్యవేణత్త మా వీధి టైలరు. నా పదో తరగతి ఫేర్‌వెల్ ఓణీ జాకెట్టు దగ్గర్నుంచి మొదటి ఇంటర్వ్యూ చుడీదారు దాకా ఆవిడ చేతి కుట్టే. షుగరు ముందు ఆవిడ కాలి వేళ్ళు రెండు తీసుకుంది, తర్వాత కిడ్నీలు తీసుకుంది. సోమవారం, గురువారం అటువైపు పెద్దాసుపత్రిలో రక్తం శుద్ధిచేసే మెషిన్ మీద నాలుగు గంటలు పడుకోవాలి. పదకొండింటికి మంచం. పదకొండుంబావు దాటితే ఆ మంచం వెనకున్న వాళ్ళది. ఇన్నాళ్ళూ ఆటోలో వెళ్ళేవాళ్ళు. ఆటోలు ఆగిపోయాయి. చుట్టూ తిరిగి కాలవ లాకుల మీదుగా వెళ్ళాలంటే నలభై ఒక్క కిలోమీటర్లు, రోడ్డంతా గోతులు. వెళ్ళేటప్పుడు సరే, మెషిన్ మీంచి లేచిన మనిషి ఆ రోడ్డు మీద తిరిగి రావడమంటే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళడానికి బయల్దేరినట్టే. అందుకని వాళ్ళాయన బుల్లబ్బాయి గారు చక్రాల కుర్చీ సంపాదించారు. మూతబడ్డ సినిమాహాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు ఆయన. అరవై రెండేళ్ళు. తోసుకుంటూ వంతెన దాకా వచ్చారు. ట్యాబు కూసింది.

"చక్రాలెన్ని అనడిగిందండీ. నాలుగని కొట్టానండీ," అన్నాడు ఏసుబాబు. "అబద్ధం కొట్టమంటారేటండీ?"

"ముందున్నవి బుల్లివి కదయ్యా," బుల్లబ్బాయి గారు బేరం పెట్టారు. "వాటినొదిలెయ్. రెండేసుకో."

"రెండేసినా కూత్తాదండీ. ఒకటేసినా అంతేనండీ."

ఇంతలో వెనకనించి గేదెల మంద వచ్చింది. నలభై ఉంటాయి. ఏసుబాబు ఒక్కోదాని కాళ్ళకేసి నిజాయితీగా చూశాడు. సున్నా కొట్టాడు. తెర ఆకుపచ్చగా వెలిగి, "పాదచారులకు స్వాగతం" అంది. గేదెలు దాటాయి. వంతెన ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మూలిగింది. గేదెకి నాలుగొందల యాభై కిలోలేసుకున్నా పద్దెనిమిది టన్నులు. నేను మనసులో లెక్కేసి, ఆ లెక్కని మనసులోనే ఉంచుకున్నాను.

"గేదెకున్నపాటి కాళ్ళు నాకుంటే ఈ కుర్చీ ఎందుకు ఏసుబాబూ? నేనూ నడిచే పోదును కదయ్యా," అంది సత్యవేణత్త.

పదీ నలభై అయింది. పక్కన గోడౌన్లో బియ్యం బస్తాలు మోసే హమాలీలు గోల విని వచ్చారు. వాళ్ళ మేస్త్రీ పోలయ్య సంగతి విన్నాడు, తలగుడ్డ బిగించాడు. "పట్టండ్రా," అన్నాడు. నలుగురు నాలుగు మూలలా పట్టి, కుర్చీని మనిషితో సహా భుజాల మీదికి ఎత్తేశారు.

ఏసుబాబుకి ధర్మసందేహం వచ్చింది. "చక్రాలు గాల్లో ఉన్నాయండీ మేడంగారూ. ఇప్పుడేం కొట్టమంటారండీ?"

డీఈ గారికి ఫోను చేశాను. అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"నేలను స్పర్శించని చక్రము చక్రధర్మమును కోల్పోతుందమ్మా. అది సామాను."

"సార్, కుర్చీలో మనిషి ఉన్నారు."

"సామానులో ఏమున్నదో మనకు అప్రస్తుతం. విప్పి చూసే అధికారం మన విభాగానికి లేదు."

అలా ఆ మధ్యాహ్నం యాప్‌లో 'లగేజీ' అనే కొత్త గడి పెట్టాను. పేరు అడగదు, బరువు అడగదు. ఎన్ని అని మాత్రం అడుగుతుంది.

తిరిగొచ్చేటప్పుడు సత్యవేణత్త అడిగింది, "నన్నేమని రాశారే హిమజా?"

"లగేజీ అని అత్తా."

"పోన్లే. పగిలే సామానని కూడా రాయించు. ఆ పోలయ్య దింపేటప్పుడు దబ్బున దింపాడు."

ఊళ్ళో వాళ్ళకి నియమం అర్థం కావడానికి ఒక్క పూట పట్టింది. బుధవారానికల్లా సైకిళ్ళ వాళ్ళు సైకిళ్ళని మెడకి తగిలించుకుని దాటడం మొదలుపెట్టారు. శుక్రవారానికి స్కూటర్లని వెదురుబొంగులకి కట్టి నలుగురేసి మోశారు. ఐస్‌క్రీం బండి దాటింది, గంట కొట్టుకుంటూ. ఇస్త్రీ బండి దాటింది, నిప్పులతో సహా. పై వారం పన్నెండు మంది కలిసి ఒక ఆటోని ఎత్తారు. లోపల డ్రైవరు స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. దిగమంటే, "బండొదిలి ఎలా దిగుతానండీ, అటెల్లాక ట్రిప్పుంది," అన్నాడు. వెనక సీట్లో ముగ్గురు ప్యాసింజర్లు. ఏసుబాబు లగేజీ గడిలో ఒకటి అని కొట్టాడు. తెర పచ్చగా వెలిగింది.

ఒకప్పుడు ఆటో తన బరువు తాను మోసుకుంటూ దాటేది. ఇప్పుడు దాని బరువుకి పన్నెండు మంది బరువు తోడైంది. నేను ఒక వారం అక్కడే నుంచుని లెక్కలు రాసుకున్నాను. నిపుణుల లెక్క ప్రకారం, వంతెనని వాహనాలకి మూసెయ్యక ముందు రద్దీ వేళలో, గేదెల్ని పక్కన పెడితే, దాని మీద ఎప్పుడూ పది టన్నులు దాటలేదు. మూసేశాక ఇరవై ఆరు. నేను చూస్తుండగానే ఒక రివెట్టు ఊడి టంగుమని కమ్మీకి తగిలి ఏట్లో పడింది. ఏసుబాబు వంగి చూశాడు. "దానికి చక్రాల్లేవులెండి," అన్నాడు.

డీఈ గారి దగ్గరికి వెళ్ళి నా కాగితం పెట్టాను. ఆయన చదివారు. కళ్ళజోడు తుడిచారు.

"నీ లెక్క సరైనదేనమ్మా. కానీ అది వంతెనకు సంబంధించినది. మన లెక్క నివేదికకు సంబంధించినది."

"పోనీ సార్, సత్యవేణిగారి కుర్చీకైనా మినహాయింపు ఇవ్వండి. ఆవిడా, ఆయనా, కుర్చీ కలిపి నూట ఇరవై కిలోలు లేరు. మోయడానికి నలుగురైతే ఆ బరువు మూడింతలవుతోంది."

"తప్పక ఇవ్వవచ్చు. వాహనమునకు మినహాయింపు కోరుచున్నారు కనుక, రిజిస్ట్రేషన్ నంబరు రాయి."

"కుర్చీకి నంబరుండదు సార్."

"నంబరు లేని వాహనాన్ని వదలమంటావా? అది నేరం కదమ్మా."

"అయితే వాహనం కాదనుకోండి."

"వాహనం కానిదానికి మినహాయింపు దేనికి?"

ఇంత గుండ్రంగా ఆలోచించే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆ తలకి కూడా ఒక చక్రం లెక్క వేసి, వంతెన మీదికి రానివ్వకూడదనిపించింది.

ఇక్కడిదాకా నవ్వుకున్నారు కదా. నేనూ నవ్వుకున్నాను. మూడో నెల చివర్లో ఒక గురువారం పోలయ్య జట్టు మొత్తం ఒక పెళ్ళివారి ఫ్రిజ్జునీ, మంచాన్నీ, వాటితోపాటు ట్రాలీ ఆటోనీ మోయడానికి ముందే ఒప్పుకున్నారు. సత్యవేణత్త వంతెన మొదట్లో వరసలో ఆగింది. ముందు రెండు స్కూటర్లు, ఒక గడ్డిమోపుల బండి. ఆవిడ వంతు వచ్చేసరికి పదకొండున్నర. ఆసుపత్రికి చేరేసరికి మంచం మీద వేరే మనిషి.

సోమవారం వరకూ ఒంట్లో నీరు అలాగే ఉండిపోయింది. శనివారం చూడ్డానికి వెళ్ళాను. మొహం ఉబ్బిపోయి కళ్ళు గీతల్లా ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడదని గోడకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. బుల్లబ్బాయి గారు పక్కనే స్టూలు మీద కూర్చుని ఆవిడ గుండెలకేసి చూస్తున్నారు. రీలు తెగుతుందేమోనని తెరకేసి చూసేవాడి చూపు అది.

"డాక్టరుబాబు ఏమన్నారు?" అన్నాను.

"ఇంకోసారి తప్పితే నా దగ్గరికి తీసుకురావక్కర్లేదన్నాడమ్మా," అన్నారు. నా ఉద్యోగం ఏంటో ఆయనకి తెలుసు. అయినా టీ ఇచ్చారు.

సరిగ్గా ఆ వారంలోనే పైనుంచి రెండు కాగితాలొచ్చాయి. మొదటిది మా కొత్త వంతెన ప్రతిపాదన మీద. "గడచిన తొంభై దినములలో సదరు స్థలమున వాహనముల రాకపోకలు: సున్నా. వాహనములు లేని చోట నూతన వంతెన అనావశ్యకము. ప్రతిపాదన తిప్పిపంపడమైనది." వాహనాల్ని ఆపింది వాళ్ళే, రాలేదని రాసిందీ వాళ్ళే. ఆ సున్నాని వాళ్ళకి పంపింది నా యాప్.

రెండో కాగితం ఇంకా బావుంది. సున్నా వాహనాలు కనుక సున్నా ప్రమాదాలు. సున్నా ప్రమాదాలు కనుక, మా ఇనప వంతెన 'ఉత్తమ నిర్వహణ గల వంతెన'గా ఎంపికైంది. చీఫ్ ఇంజనీరు గారు స్వయంగా వచ్చి, వంతెన మీదనే సభ పెట్టి, వంతెనకి శాలువా కప్పుతారు.

"వంతెనకి శాలువా ఎలా కప్పుతారు సార్?" అన్నాను.

"పొడవు కొలతలు తీసుకోమన్నాను," అన్నారు డీఈ గారు.

సభ ఆ సోమవారమే. పదిన్నరకి.

ఆ రోజు వంతెన నడుమ వేదిక, దాని మీద సోఫాలు, ఎదురుగా మూడొందల ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల నిండా బడిపిల్లలు, ఆఫీసుల వాళ్ళు, హమాలీలు. కరెంటు కోసం జనరేటర్. దాని చక్రాలు విప్పించి పదహారు మంది చేత మోయించారు. వేదిక వెనక పెద్ద తెర. దాని మీద నా సేతురక్ష లెక్కలు అప్పటికప్పుడు కనిపించాలని డీఈ గారి ఉత్తర్వు. 'వాహనములు: 0' అని పెద్ద అక్షరాలు. ఇంత బరువుకి వంతెన మూలగడం కూడా మానేసి నోరు బిగించుకుంది.

సభకి పిలుపు లేని వాళ్ళని ఎవరినీ దాటనివ్వొద్దని ఆ పొద్దున్నే ఇంకో ఉత్తర్వు. బుల్లబ్బాయి గారు, సత్యవేణత్త పదింటికే వచ్చి కాపలాగది పక్కన ఆగారు. పోలయ్య సభలో కూర్చుని ఉన్నాడు, బయటికి రానివ్వడం లేదు. కుర్చీ మోసేవాళ్ళు లేరు, మోసినా దాటనివ్వరు.

"పదకొండుంబావులోగా పడాలమ్మా," అన్నారు బుల్లబ్బాయి గారు నాతో. బతిమాలినట్టు లేదు. టైం చెప్పినట్టుంది, అంతే.

పదీ ఇరవైకి చీఫ్ ఇంజనీరు గారి కారు వచ్చి వంతెన మొదట్లో ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందు ఒక కాలు బయటికొచ్చింది. దానికి మోకాలి దాకా సిమెంటు కట్టు.

"బాత్రూములో జారారు. వారం అయింది," అన్నాడు డ్రైవరు.

డీఈ గారు కట్టుకేసి చూశారు. వేదికకేసి చూశారు. మధ్యలో తొంభై మీటర్లు. కారు లోపలికి వెళితే తెర మీద సున్నా పోయి ఒకటి పడుతుంది, దానికి నాలుగు చక్రాలు. టీవీల వాళ్ళు కెమెరాలు పెట్టుకుని ఉన్నారు. ఆయన కళ్ళు అటూ ఇటూ తిరిగి సత్యవేణత్త దగ్గర ఆగాయి. ఆవిడ మొహం దగ్గర కాదు, ఇంకొంచెం కింద.

"అమ్మా, రెండు నిమిషాలు. ప్రభుత్వ అవసరార్థం," అన్నారు.

బుల్లబ్బాయి గారు నోరు తెరిచేలోపే ఇద్దరు గుమాస్తాలు సత్యవేణత్తని రెండు రెక్కలూ పట్టి లేపి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టారు. చీఫ్ ఇంజనీరు గారు కుర్చీలో కూర్చున్నారు. అది ఎడమవైపుకి లాగుతుంది, బుల్లబ్బాయి గారికి తప్ప ఎవరికీ అదుపుకాదు. గుమాస్తా తోస్తే నేరుగా పూలకుండీలోకి పోయింది. దాంతో తొయ్యడానికి ఆయన్నే పిలిచారు.

వంతెన మీద మొదటి అడుగు పడగానే ఏసుబాబు నాలుగని కొట్టాడు, ట్యాబు కూసింది. మూడొందల తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

"ఏమిటిది?" అన్నారు చీఫ్ ఇంజనీరు గారు.

"వాహనమండీ తమరు," అన్నాడు ఏసుబాబు వినయంగా. "చక్రాలు నాలుగండీ. తమర్నెత్తి మోసుకెల్తే లగేజీ అవుతారండీ. కూత ఉండదండీ."

చీఫ్ ఇంజనీరు గారు లగేజీ అనే మాటని నోట్లో వేసుకుని నమిలి, మింగలేకపోయారు. చెమట తుడుచుకుంటున్న డీఈ గారి చేత అప్పటికప్పుడు నోటు రాయించారు. "చీఫ్ ఇంజనీరు హోదా గల వారు వినియోగించు చక్రాల కుర్చీ, సదరు హోదా రీత్యా, వాహనముగా పరిగణింపబడదు." సంతకం పడింది. మూడు నెలలుగా నేను మొత్తుకుంటున్న మినహాయింపుకి నాలుగు నిమిషాలు పట్టింది. నేను నిలబడే ఫోన్లో యాప్ తెరిచి 'హోదా' అని ఒక గడి చేర్చాను. ఏసుబాబు అందులో చీఫ్ ఇంజనీరు అని నొక్కాడు. కూత ఆగింది. "పాదచారులకు స్వాగతం" అంది.

బుల్లబ్బాయి గారు ఆయన్ని తోసుకుంటూ వెళ్ళారు. భార్య స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

పదిన్నర. పదీ ముప్పావు. చీఫ్ ఇంజనీరు గారు సోఫాలోకి మారారు. మైకు అందుకున్నారు. "ఈ వంతెన నాకు చాలా చెబుతోంది," అని మొదలుపెట్టారు. నిజానికి అది ఆయనకి చెబుతున్నది వేరు. వేదిక పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. బుల్లబ్బాయి గారు దాని మీద చెయ్యి వేయగానే గుమాస్తా అడ్డొచ్చాడు. "సార్ తిరిగెళ్ళేటప్పుడు కావాలి."

బుల్లబ్బాయి గారు వంగి చక్రం నొక్కి చూశారు. "కుడి చక్రంలో గాలి తగ్గిందండీ. సారుగారు పడిపోతారు. కొట్టించుకొస్తాను," అన్నారు. ఆ చక్రాలు గట్టి రబ్బరువి. గాలి అనేదే ఉండదు. గుమాస్తా ఇంజనీరింగు విభాగం వాడు కనుక వెంటనే వదిలేశాడు.

కుర్చీ ఇటు చివరికి వచ్చింది. సత్యవేణత్త కూర్చుంది. ఊపిరి అప్పటికే ఎగపోస్తోంది. బుల్లబ్బాయి గారు కుర్చీని మళ్ళీ వంతెన వైపు తిప్పారు. ఏసుబాబు ట్యాబు పట్టుకుని నాకేసి చూశాడు. హోదా గడి ఖాళీగా మెరుస్తోంది.

నొక్కమనడానికి నాకు ధైర్యం లేదు, కాంట్రాక్టు మార్చిలో అయిపోతుంది. ఏసుబాబుదీ కాంట్రాక్టే.

"మేడంగారూ, ఈ కుర్చీలో కూకున్నోళ్ళు చీఫ్ ఇంజనీరని కదండీ కాయితం," అన్నాడు.

"కూర్చున్నవాళ్ళ హోదా చూసుకోవాలని," అన్నాను.

"హోదా నేనెలా చూత్తానండీ? అది కంటికి కనపడదు కదండీ. కుర్చీ కనపడతంది." నొక్కేశాడు.

తెర పచ్చగా వెలిగింది. వేదిక వెనక పెద్ద తెర మీద అక్షరాలు మారాయి. 'వాహనములు: 0. వంతెనపై ప్రస్తుతం చీఫ్ ఇంజనీర్లు: 2.'

ఆ రెండో చీఫ్ ఇంజనీరు నీలం నేత చీరలో, ఒళ్ళో టిఫిను క్యారియరుతో, వేదిక పక్కనుంచి వెళ్ళింది. మైకులో మొదటి ఆయన "శూన్యం సాధించడం అంత సులువు కాదు" అంటున్నారు. సభలో మొదట లేచింది పోలయ్య. తలగుడ్డ తీసి నిలబడ్డాడు. అతన్ని చూసి హమాలీలు లేచారు. వాళ్ళని చూసి బడిపిల్లలు లేచారు. అందరూ లేచాక కారణం తెలియకపోయినా ఆఫీసుల వాళ్ళూ లేచారు. తన మాటకే లేచారనుకుని చీఫ్ ఇంజనీరు గారు చెయ్యి ఊపారు. సత్యవేణత్త కూడా ఊపింది.

పదకొండూ పన్నెండు నిమిషాలకి మంచం ఎక్కింది.

తిరిగి వెళ్ళేటప్పుడు చీఫ్ ఇంజనీరు గారికి కుర్చీ దొరకలేదు. సోఫాతో సహా ఎత్తి తెచ్చారు. ఏసుబాబు లగేజీ గడిలో ఒకటి కొట్టాడు.

ఆ తర్వాత ఏం జరుగుతుందోనని నేను నెల రోజులు గోళ్ళు కొరుక్కున్నాను. ఏం జరగలేదు. సోమవారం, గురువారం పదీ నలభైకి ఏసుబాబు హోదా గడి నొక్కుతాడు, మధ్యాహ్నం నాలుగింటికి ఇంకోసారి నొక్కుతాడు. ఎవరూ మోయక్కర్లేదు, వరసలో ఆగక్కర్లేదు. ఆవిడ మొహం వాపు తీసింది. కుట్టు మిషను ముందు మళ్ళీ కూర్చుని నాకొక కుర్తీ కుట్టింది.

పైవాళ్ళు నివేదిక చదివారు. ఒక ఉన్నతాధికారి వారానికి రెండుసార్లు మారుమూల వంతెన మీద స్వయంగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరగడం శాఖ చరిత్రలో ఇదే మొదటిసారి అని రాశారు. చీఫ్ ఇంజనీరు గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. కాలికి కట్టుతో ఇంట్లో పడుకున్న ఆయన దాన్ని ఫ్రేము కట్టించుకున్నారు కానీ, తిరిగింది తను కాదని మాత్రం అనలేదు.

కిందటి గురువారం సత్యవేణత్తకి జ్వరం వచ్చింది. రేపు రండి, మంచం చూస్తామని డాక్టరే చెప్పారు. అంతే. శుక్రవారం పొద్దున్నే పైనుంచి మెమో. "గురువారపు తనిఖీ జరుగకపోవుటకు కారణములు తెలుపవలెను."

తొమ్మిదింటికల్లా డీఈ గారు నన్ను వెంటబెట్టుకుని మా వీధికి వచ్చారు. చెప్పులు బయట విడిచారు. సత్యవేణత్త మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"అమ్మా, తాము నిన్న వంతెన దాటలేదు," అన్నారు డీఈ గారు. ఆ గొంతులో అంత వినయం నేనెప్పుడూ వినలేదు. "శాఖాపరంగా ఇబ్బందులు తలెత్తుచున్నవి. నేడు తప్పనిసరిగా దాటవలసిందిగా ప్రార్థన."

"జ్వరమొచ్చింది బాబూ."

"చీఫ్ ఇంజనీరు గారికి జ్వరమని రాయుటకు వీలుపడదమ్మా. వారు నిన్న ఏదో పెళ్ళిలో ఫోటోలు దిగినారు."

సత్యవేణత్త దారం కొస కొరికింది. "అయితే సెలవు పెట్టానని రాసుకోండి. అంత పెద్ద ఉద్యోగం ఇచ్చి ఒక్కరోజు సెలవివ్వరా ఏంటి?" అంది. తర్వాత గుమ్మంలోకి చూసి, "ఏవండీ, కుర్చీ తియ్యండి. పాపం ఈయనకి ఉద్యోగం పోయేలా ఉంది," అంది.

డీఈ గారు తనే ముందు నడిచి, దారిలో రాళ్ళు తీశారు.

ఇదండీ మా వంతెన సంగతి. కొత్తది రాలేదు, పాతది పడలేదు. మొత్తం ఊళ్ళో చట్టబద్ధంగా చక్రాల మీద దాటేది ఒక్క సత్యవేణత్తే. ఇలాంటిది మా ఊళ్ళోనే జరిగిందంటే నేను నమ్మను. మీరు బతికుండగా చనిపోయినట్టో, ఉన్న ఇంట్లో లేనట్టో, ఆడమనిషైతే మగమనిషైనట్టో ఏదో ఒక రిజిస్టర్లో మీ పేరు కూడా ఉండే ఉంటుంది. ఏ ఆఫీసులో, ఏ కిటికీ దగ్గర, మిమ్మల్ని ఏమని రాసుకున్నారో, దాన్ని పట్టుకుని మీరు పని ఎలా జరిపించుకున్నారో నాకు రాసి పంపండి. పేర్లు మార్చి రాయండి. హోదా మాత్రం మార్చొద్దు.